రాకేశ్ సాసు వంటలు

రాకేశూ, నేను ఆళ్లగడ్డకు పోతాండా, సాయంత్రానికి వస్తా. పదకొండింటికి అమ్మకు జావ తాపి మాత్ర ఇయ్యి. పొయ్యి దగ్గర నీ కొత్త విద్యలు చూపియ్యద్దు. ఫోన్లో ఎవడో చెప్పినాడని పప్పులో టమాటా సాసు పోస్తివి. జొన్నరొట్టెకు పూసి పిజ్జా అంటివి. నిన్న, నంద్యాల్లో నిమ్మకాయలే దొరకనట్టు, ఉగ్గానిలో కూడా అదే పిండితివి. బొరుగులు నీకేం పాపం చేసినాయిరా? నీ చేతికి గరిటె ఇచ్చినోళ్లను అనాల.

మీ అక్క పూర్ణిమ

ఇంకోటి. జ్వరమొచ్చిన నాలుగు దినాల్నుంచి నేనేం చేసినా నోట పెట్టని అమ్మ, నిన్న నీ పాడు ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకుని తినింది. జావ వద్దంటే అదే చేసిపెట్టు. సాసు అయిపోయిందని కొత్త సీసా తెచ్చినా. బియ్యం డబ్బా వెనకుంది.