గురువారం రూతమ్మ వంతు

కోరుట్ల,
9-4-1984

అమ్మకు,

నేనిక్కడ హాయిగా ఉన్నాను. గురువారం కరీంనగర్ నుంచి వస్తున్నానని రాశావు, సంతోషం. ఆ రోజు వంట మాత్రం రూతమ్మను ముట్టనీయక నన్నే చేయమన్నావు. అది కుదరదు.

రుద్రంగిలో మన గడి వాకిలి ఊడ్చిన మల్లక్క బిడ్డ రూతమ్మా, నేనూ ఒకే బడిలో పంతులమ్మలం. కూలీల సంఘమొచ్చాక మనం గడికి తాళం వేసి ఊరు విడిచిన ఆరేళ్లకు ఇక్కడ కలిసి, ఒకే గదిలో ఉంటున్నాం. మొదటి వారమంతా నేను తిన్నాకే తను తినేది. అందుకే తలుపు వెనక సుద్దతో రాసుకున్నాం: ఇద్దరూ కలిసి తినాలి. రోజు మార్చి రోజు వండాలి. జ్వరమొస్తే తప్ప వంతు మారకూడదు. వండనివాళ్లు గిన్నెలు తోమాలి.

గురువారం రూతమ్మ వంతు. నీ ఉత్తరం సంగతి చెబితే, "దొరసాని అస్తున్నరు గద, గా దినం నువ్వే వండరాదు" అంది.

"నీకు జ్వరమా?" అన్నాను.

నవ్వేసి, "గట్లయితే అమ్మకు ఏం ఇష్టమో చెప్పు" అంది. చింతచిగురు పప్పన్నాను. చిగురెక్కడ దొరుకుతుందో అప్పుడే వాకబు చేస్తోంది.

గురువారమే రా, అమ్మా. తిన్నాక గిన్నెలు తోమేది నేనే. చూడలేకపోతే, పక్కన కూర్చొని బూడిద అందిద్దువు.

నీ బిడ్డ