మాల్టా ఇసుకపై నీడ

చిరంజీవి, సౌభాగ్యవతి మనాలికి,

సౌభాగ్యవతి అన్న మాటను ఈనాడు నిండు మనసుతో రాస్తున్నాను, తల్లీ.

నిన్న మాల్టా సముద్రతీరం నుండి నీవు పంపిన ఫొటో మన కామాఠిపురా చాల్‌లోని గదులన్నింటినీ అల్లకల్లోలం చేసింది. పక్కగది వెంకటమ్మ దానిని చూసి, "ఓ రత్నాబాయీ! నీ బిడ్డ మెడల పుస్తె లేదు, నొసట బొట్టు లేదు, పక్కన అల్లుడు అనికేత్ లేడు!" అని గొల్లుమంది. మీ అమ్మ వెంటనే మీ ఇద్దరికీ ఫోన్ చేసింది. మీ ఫోన్లు పలకలేదు. ఏళ్లుగా పురాణం చెప్పే నేనూ పుస్తకం మూసి, మళ్లీ మళ్లీ మీ నంబర్లే నొక్కాను.

సాయంత్రం నీవు ఫోన్ చేసి, "ఈతల బొట్టు కొట్టుకపోయింది, పుస్తె జారిపోతదని తీసిపెట్టిన తాతా! ఫొటో తీసింది అనికేతే గదా! పడవల గుహలు చూడబోతే ఫోన్ అందలే" అని నవ్వగానే మా నవ్వులు ఫోరస్ రోడ్ దాకా వినిపించాయి. అప్పుడు కళ్లద్దాలు తుడిచి చూస్తే, నీ పాదాల ముందు ఇసుకపై అతని నీడ స్పష్టంగా ఉంది.

ఇక నిశ్చింతగా ఈదండి. ఉప్పుమడులు చూడండి. వలస వచ్చి ఈ నగరం కట్టడానికి రాళ్లెత్తిన మన పెద్దలను తలచుకొని అక్కడి కోటగోడను ఒకసారి తాకండి. ఫొటోలు ఎన్నైనా పంపు. వెంకటమ్మ ఇప్పుడు ప్రతి ఫొటోలోనూ ముందుగా నీడనే వెదుకుతోంది.

మీ ఇద్దరినీ దీవిస్తూ,
తాత