రూత్‌ను అమ్మిందెవరు?

ఆర్మూర్,
4 అక్టోబర్ 2004

మీకు ప్రభువు పేరు మీద వందనాలు.

ముందుగాల నా రాత చూసి నవ్వద్దు. ఐదో తరగతితోని బడి బందయినంక నేను పెన్ను పట్టింది పెండ్లినాడు సంతకం చెయ్యనీకే. ఒత్తులు యాడ తప్పినయో మీరే సర్దుకొని చదువుకోండ్రి. ఫోన్ల మాట్లాడుదామంటే ఎస్‌టీడీ బూతు నడిపే హన్మాండ్లన్న బిల్లు మిషన్ దిక్కు చూడడు, నా మొకం దిక్కే చూస్తడు. నాకు మాట రాదు. గందుకే రాస్తున్న.

ఇక్కడ అందరం మంచిగున్నం. మామ మార్కెట్ యార్డుకు పోతున్నడు గని బస్తాలు తక్కువున్నయి, హమాలీలంత కూసొని బీడీలు తాగుతున్నరట. కొత్త పసుపు రావాలె గదా. అత్తమ్మకు మోకాళ్ళు అట్లనే ఉన్నయి. మొన్న ఆదివారం చర్చిల అత్తమ్మ లేచి నిలబడి, నా కొడుకు ప్రేమ్‌చంద్ హైదరాబాదుల అమెరికా వాళ్ళ మాటలు విని టైపు కొడుతున్నడు, వాని నౌకరి పర్మినెంట్ కావాలని ప్రార్థన చేయండ్రి అని చెప్పింది. పక్కింటి రత్నవ్వ ఊకుంటదా, ఏం మాటలు అని అడిగింది. అత్తమ్మ నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన. మీరు ఏం మాటలు వింటరో జర రాయుండ్రి.

ఇంకొకటి. పెండ్లయి ఏడాది దాటింది, నువ్వెప్పుడు హైదరాబాదు పోతవని వాడకట్టోళ్ళు అడుగుతున్నరు. నేను అడుగుతలేను. వాళ్ళే అడుగుతున్నరు. అత్తమ్మేమో పసుపు ఉడకపెట్టే పని అయినంక చూద్దామంటున్నది.

ఇట్లు
మీ రూత్

తా.క. ఆ వాడకట్టోళ్ళల్ల నేను కూడ ఉన్న.


హైదరాబాద్,
10 అక్టోబర్

ప్రియమైన రూత్‌కు,

నీ ఉత్తరం ముట్టింది. నీ రాతకేమైంది, మా సూపర్‌వైజర్ రాకేష్ సార్ రాత కంటే నయమే.

నా పని ఏందంటే, అమెరికా రేడియోల కొందరు కూసొని ఆటల మీద వాళ్ళ అభిప్రాయాలు చెప్తరు. ఆ టేపులు మాకొస్తయి. నేను చెవులకు పెట్టుకొని విని టైపు కొడత. అక్కడ ఆట మూడు గంటలు, దాని మీద మాట్లాడుడు మూడు దినాలు. మన యార్డుల పసుపు రేటు పడినంక ఛాయ్ హోటల్ల కూసొని, ఎందుకు పడిందో తలా ఒకటి చెప్తరు చూడు, అచ్చం గట్లనే. పడకముందు మాత్రం ఒక్కడు చెప్పడు.

ఆటలు రెండు. బేస్‌బాల్ మన చిర్రగోనె లెక్క, కట్టెతోని కొట్టి ఉరుకుడు. రెండోదాన్ని ఫుట్‌బాల్ అంటరు గని కాలుతోని తన్నుడు ఎప్పుడో ఒకసారి. బంతిని సంకల పెట్టుకొని ఒకడు ఉరుకుతడు, తక్కినోళ్ళంత పోయి వాని మీద పడతరు. ఇప్పుడు బేస్‌బాల్‌ల ప్లే ఆఫ్ నడుస్తున్నది, ఫుట్‌బాల్ కూడ మొదలైంది, నాకు తల గోక్కోనీకి టైం లేదు. పోయిన వారం కార్డినల్స్ సెయింట్స్‌ను చిత్తుగ కొట్టిన్రు. మొన్న రెడ్ సాక్స్ చేతుల ఏంజెల్స్ పని అయిపోయింది. నేనైతే ఏంజెల్స్ ఒక్కటన్న గెలుస్తరనుకున్న, ఒక్కటి కూడ గెలవలే.

ఈ నెల తప్పులు లేకుండ కొడితే పర్మినెంట్ చేస్తమన్నరు. నువ్వు వచ్చే ముచ్చట దాని తర్వాత. ఇప్పుడైతే ఒక్క గదిల ముగ్గురం పడుకుంటున్నం.

నీ
ప్రేమ్‌చంద్

తా.క. వాడకట్టోళ్ళకు నా వందనాలు చెప్పు. అందరికీ చెప్పకున్నా ఫరవాలేదు, ఒక్కరికి చెప్పు.


ఆర్మూర్,
14 అక్టోబర్

మీకు మనింటి అందరి వందనాలు.

మీ ఉత్తరం అత్తమ్మకు, మామకు చదివి వినిపించిన. రత్నవ్వ కూడ వచ్చి గడప మీద కూసున్నది. ఆ ఒక్కరికి చెప్పమన్న వందనం మాత్రం మనసుల చదువుకున్న.

ఏంజెల్స్ పని అయిపోయింది అనంగనే అత్తమ్మ చేతిల చాట కింద పెట్టింది. దేవదూతలు ఓడిపోవుడేందని అడిగింది. నాకేం తెలుసు, మళ్ళొకసారి చదివిన. మళ్ళా ఓడిపోయిన్రు. రెడ్ సాక్స్ అంటే ఎర్ర సాక్సులని నేనే చెప్పిన, చెప్పకపోతే అయిపోతుండె. కొమ్ములు దాచుకోనీకి టోపీ, గిట్టలు దాచుకోనీకి సాక్సులు, గా ఎర్ర సాక్సులోడు ఎవడో నాకు ఎరుకే అన్నది రత్నవ్వ. సెయింట్స్ అంటే పరిశుద్ధులు గదా. కార్డినల్స్ అంటే రోముల ఉండే పెద్దలట, వాళ్ళు పరిశుద్ధులను ఎందుకు కొట్టిన్రో పాస్టరుగారికి కూడ సమజ్ కాలే. మీరు పట్నంల ఏదో కొత్త చర్చి మిషన్‌ల కలిసిన్రని అత్తమ్మకు బుగులు పట్టుకున్నది. నేను కాదన్న. కాదని నాకు తెలువదు గని, అన్న.

మామకు వేరే ఫికర్. గంత చిన్న బంతిని ఒక్కడు మోస్తుంటే అందరు మీద పడుడేంది, నేను పసుపు బస్తా ఎత్తుకొని పోతుంటే ఒక్కడన్న మీద పడితే తెలుస్తుండె అన్నడు. ఇంక ప్లే ఆఫ్ అంటే ఆట బందయినట్టే గదా, లైటు ఆఫ్ చేసినట్టు. బందయిన ఆటకు మీకు పనెట్ల ఉంటది? నౌకరి పోతదా? పోతే మీరే ఇక్కడికి వస్తరా? వస్తే నాకేం బాధలేదు. కాని నేను అక్కడికి వచ్చుడే మంచిదని వాడకట్టోళ్ళు అంటున్నరు.

ఇట్లు
మీ రూత్

తా.క. బుధవారం కూటంల ఆడోళ్ళంత మోకరించి ఏంజెల్స్ కోసం ప్రార్థన చేసిన్రు. ఇన్ని దినాలు వాళ్ళు మనల్ని కాసిన్రు, ఇప్పుడు మనం వాళ్ళను కాయవలసి వచ్చెనని రత్నవ్వ మస్తు ఏడ్చింది.


హైదరాబాద్,
18 అక్టోబర్

ప్రియమైన రూత్‌కు,

నీ ఉత్తరం ఆఫీసుల చదివి నవ్వినందుకు రాకేష్ సార్ నన్ను లేపి నిలబెట్టిండు. అవి టీముల పేర్లు! మన దిక్కు కబడ్డీ టీములకు పులులు, సింహాలు అని పెట్టుకుంటరు, వాళ్ళు ఏంజెల్స్ అని పెట్టుకున్నరు. రెడ్ సాక్స్ కూడ టీమే. నేను ఏ మిషన్‌ల కలవలే, మన చర్చికే పోతున్న. అంటే, పోవాలని అనుకుంటున్న. ప్లే ఆఫ్ అంటే ఆఖరి పోటీలు, ఓడినోళ్ళు ఇంటికి పోవుడే. నా నౌకరి ఇంకా ఉన్నది. ఈ ముక్క అమ్మకు చదువు.

ఇక ఇక్కడ దినాం నీ పేరే. రేడియోల నోరున్న ప్రతోడు రూత్, రూత్ అంటున్నడు. రెడ్ సాక్స్‌కు, యాంకీస్‌కు మధ్య పోటీ. రెడ్ సాక్స్ వరుసగ మూడు ఓడిన్రు, నిన్న ఒక్కటి గెలిచిన్రు, ఇంకొక్కటి ఓడితే ఖతం. ఎందుకు ఓడుతున్నరంటే అందరిది ఒకటే అభిప్రాయం. వాళ్ళు రూత్‌ను యాంకీస్‌కు అమ్ముకున్నరు, గా శాపమే తగిలిందంటరు. రూత్ ఉన్నన్ని దినాలు ఆ ఇల్లు కళకళలాడింది, రూత్ పోయినంక వాళ్ళకు సుఖం లేదు. పైసల కోసం రూత్‌ను ఎవరన్న అమ్ముకుంటరా? ఆ పేరు టైపు కొట్టినప్పుడల్ల నాకు మనసు ఒక తీరు అయితున్నది. రాకేష్ సార్ శాపం గీపం ఏం లేదంటడు, నేను మాత్రం రూత్ దిక్కే మాట్లాడుతున్న.

నీ
ప్రేమ్‌చంద్

తా.క. ఎన్నిసార్లు కొట్టిననంటే, రూత్ అని ఇప్పుడు కండ్లు మూసుకొని కొడత.


ఆర్మూర్,
22 అక్టోబర్

మీకు వందనాలు.

ఉత్తరం చదివిన. ఏంజెల్స్ టీము అని తెలిసి అత్తమ్మకు పానం కుదుటపడ్డది. తర్వాత రూత్ ముచ్చట చదివిన.

గా రూత్ ఎవరు? నేనేమనుకోలేదు. అత్తమ్మే అనుకుంటున్నది. పడుచుదా, పెద్దదా అని అత్తమ్మ అడగమన్నది. చదువుకున్నదా అని కూడ అడగమన్నది. తెల్లగుంటదా అని మాత్రం నేనే అడుగుతున్న.

మన బైబిల్ పేరు పెట్టుకున్న ఆడపిల్లను పైసలకు అమ్ముకుంటే, అందరికి తెలిసి రేడియోల కూడ చెప్తుంటే, పోలీసోళ్ళు ఏం చేస్తున్నరని రత్నవ్వ లేచింది. తెలిసి తెలిసి టైపు కొట్టుకుంట కూసున్నడా నా కొడుకు అని అత్తమ్మ ఏడ్చింది. మొత్తానికి నిన్న రాత్రి అందరు ఒక మాట మీదికి వచ్చిన్రు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్ల మనం చర్చికోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం ఉంటయి గదా, ఈ నెల బియ్యమంత రూత్ విడుదలకని తీర్మానం చేసిన్రు. మామ నలుగురు హమాలీలను తీసుకొని వస్తనంటున్నడు. యాంకీస్ వాళ్ళ ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ దిక్కా, సికింద్రాబాదు దిక్కా, బస్సు ఎక్కడ దిగాలెనో రాయమన్నడు.

మీరు గా రూత్ దిక్కు మాట్లాడుతున్నరని అత్తమ్మకు రెండుసార్లు చదవవలసి వచ్చింది. రెండోసారి గబగబ చదివి మడతపెట్టేసిన.

ఇట్లు
రూత్ (ఆర్మూర్)

తా.క. రూత్ అని కండ్లు మూసుకొని కొడతరట. కండ్లు తెరిసి చూసేదెప్పుడు?


హైదరాబాద్,
29 అక్టోబర్

ప్రియమైన నా రూత్‌కు,

ముందు నాయనను ఆపు. హమాలీలను ఆపు.

రూత్ ఆడమనిషి కాదు, మొగోడు. ఇంత పొట్ట ఉంటుండె. రూత్ అనేది అతని ఇంటిపేరు. బేస్‌బాల్ ఆడుతుండె, చచ్చిపోయి యాభై ఏండ్లు దాటింది. అమ్ముడంటే ఒక టీము తన ఆటగాన్ని ఇంకో టీముకు ఇచ్చుడు, అది కూడ ఎనభై ఏండ్ల కిందటి ముచ్చట. ఈ ముక్కను అమ్మకు, నాయనకు, రత్నవ్వకు గట్టిగ, రెండుసార్లు చదివి వినిపించు. అతను తెల్లగనే ఉంటుండె, గని నీకు దానితోని పనిలేదు.

ఇక సంతోషమైన సంగతి. మూడు ఓడిన రెడ్ సాక్స్ తర్వాత వరుసగ నాలుగు గెలిచి యాంకీస్‌ను ఇంటికి తోలిన్రు. ఆ తర్వాత కార్డినల్స్ మీద నాలుగుకు నాలుగు గెలిచిన్రు (ఇది బేస్‌బాల్ కార్డినల్స్, సెయింట్స్‌ను కొట్టింది ఫుట్‌బాల్ కార్డినల్స్. ఎందుకని అడగకు). ఎనభై ఆరేండ్లకు మళ్ళా పెద్ద కప్పు వచ్చింది, రూత్ శాపం తీరిపోయింది. వీళ్ళతోని కానే కాదని పోయిన వారం బల్ల గుద్దిన రేడియో ఆయన, నేను ముందే చెప్పిన అంటున్నడు. ముందే ఏం చెప్పిండో టైపు కొట్టింది నేను.

నన్ను పర్మినెంట్ చేసిన్రు.

కాని నువ్వు ఇప్పుడే రావద్దు. దోస్తులను పొమ్మని ఎట్ల అంట? పసుపు పని గడవనీ, ఎండకాలం చూద్దాం.

నీ
ప్రేమ్‌చంద్

తా.క. రెడ్ సాక్స్ గెలిచిన రాత్రి అక్కడ చంద్రగ్రహణమట, చంద్రుడు ఎర్రగ అయిండట. ఇది అమ్మకు అస్సలు చదవకు.


ఆర్మూర్,
2 నవంబర్

మీకు నా ఒక్కదాని వందనాలు.

శనివారం పొద్దటి బస్సుకు నేను వస్తున్న. మామ దింపనీకి వస్తున్నడు. హమాలీలు వస్తలేరు.

అత్తమ్మే పంపుతున్నది. రూత్ శాపం తీరిపోయిందని చదవంగనే చర్చిల అందరు చప్పట్లు కొట్టిన్రు, పిల్ల విడుదలైందని. అత్తమ్మ కూడ కొట్టింది. ఇంటికొచ్చి అన్నం ముందట కూసున్నంక చెయ్యి ఆగింది.

"అమ్ముడుపోయినన్ని దినాలు ఫికర్ లేకుండె. ఇప్పుడు గా పిల్ల ఖాళీగున్నది. వాడు పర్మినెంట్ అయిండు. నువ్వు పొయ్యి ముందట కూసొని పసుపు ఉడకపెడతవా? బట్టలు సర్దు" అన్నది.

పసుపు పని ఎట్ల అని అడిగిన. మర్యాదకు అడగాలె గదా. నేను చేసుకుంట తియ్యి అన్నది. అప్పుడు చంద్రుడు ఎర్రగైన ముచ్చట చదివిన. లోకం ఆఖరుకు చంద్రుడు రక్తమైతడని బైబిల్ల ఉన్నది, పసుపు పని అయ్యేదాక ఉంటదో ఉండదో ఈ లోకం, వారం లోపల పో అన్నది.

మీరు రెండుసార్లు గట్టిగ చదవమన్న ముక్క ఒక్కసారే చదివిన, మెల్లగ, నాకోసం. ఇప్పుడే రావద్దు అన్న ముక్క ఒక్కసారి కూడ చదవలే, కండ్లు దాని మీదికి పోయినయి గని నేను పోలే. చదవకు అన్నది మాత్రం చదివిన. గా పొట్టాయన చచ్చిపోయి యాభై ఏండ్లయినా నన్ను బస్సు ఎక్కిస్తున్నడు. ఆయన ఆత్మ చల్లగుండాలె.

దోస్తులను పొమ్మనే మాట మీ నోటికి రాకుంటే ఊకోండ్రి. మామ గుమ్మంల నిలబడితే వాళ్ళే పోతరు. గా రూత్ ఏదని మామ అడుగుతడు. వాళ్ళ టీముకు పోయిందని చెప్పండ్రి.

ఇట్లు
మీ రూత్

తా.క. విడుదలైన పిల్లకు ఇయ్యమని రత్నవ్వ పిడికెడు బియ్యం మూట కట్టిచ్చింది. రూత్‌కని ఇచ్చిన్రు, రూతే తింటది. మీకు కూడ వండిపెడత.

ఇంకో తా.క. మామ ఈ నడుమ కండ్లద్దాలు పెట్టించుకున్నడు, గోడల మీద రాతలు కూడ కూడబలుక్కొని చదువుతున్నడు. అందుకని ఈ ఉత్తరం అందంగనే స్టవ్ మీద పెట్టుండ్రి. బూడిద కూడ గదిల ఉంచద్దు.