గుమ్మానికి కట్టిన చెక్క ముఖం

తిరువూరు, మంగళవారం

అమ్మకు షైని వందనాలు. నేను బాగానే ఉన్నాను. ఫోన్లో నీకు మాట సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను.

టాంజానియాలో మీ అల్లుడి బోరు బండి తవ్వితే నీళ్లు పడిన ఊళ్లో ఒక పెద్దాయన చెక్కతో మనిషి ముఖం చెక్కి ఇచ్చాడట. దాన్నీ, రెండు గడ్డి బుట్టలనూ ఇటు వచ్చేవాళ్లతో ఆయన పంపారు. బుట్టలు కిటికీ పక్కన గోడకు తగిలించాను. ముఖం తగిలించడానికి మేకు కొట్టేలోగా ఇంటి ఓనరు అలివేలుమంగగారు దానికి నల్లతాడు కట్టి బయట గుమ్మానికి వేలాడదీశారు.

"దిష్టిబొమ్మను ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా, పిచ్చిపిల్లా!" అన్నారు.

"దిష్టిబొమ్మ కాదండీ, మా ఆయన పంపారు."

"అయితే ఇంకా గట్టిగా పనిచేస్తుందిలే."

ఆమె వెళ్లాక విప్పి తెచ్చి, నేను అన్నం తినే చోట ఎదురు గోడకు పెట్టాను. తినేటప్పుడు ఎదురుగా ఒక ముఖం ఉంటోంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మీ అల్లుణ్ణి అక్కడే ఇంకో ఏడాది ఉండమన్నారట. ఒంగోలులో తమ్ముడు బస్సు ఎక్కిస్తే, విజయవాడ బస్టాండుకు నేనే వస్తాను. ఒక నెల ఉండి వెళ్లు. నువ్వొస్తే ఆ ముఖాన్ని ముందు గదిలోకి మార్చి, అది ఉన్న చోట నాకెదురుగా నీకు కుర్చీ వేస్తాను.

తమ్ముడికీ మరదలికీ దేవుడు తోడుండాలి.

షైని