ఎలుకల మీద పనిచేసిన మందు

తమ్ముడూ,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ అమ్మ కంటి మందు కోసం బందరు ఆస్పత్రికి వెళ్ళాను. నీ తొడ ఎముకలో ఉన్నది కేన్సరని మొదట చెప్పిన డాక్టరుగారే నన్ను చూసి కూర్చోమన్నారు.

"విదేశంలో ఏదో లేబొరేటరీలో ఎలుకలకి ఎముక కేన్సరు తెప్పించి, స్టెరాయిడ్ మందులు ఇచ్చి చూస్తున్నారటమ్మా. కొన్నింటికి గడ్డ పెరగడం ఆగిందట. మొన్న వైద్య పత్రికలో చదివాను" అన్నారు.

"మనుషులకి ఇస్తున్నారా అండీ?"

"ఇంకా లేదమ్మా. మీ తమ్ముడు గుర్తొచ్చి చెబుతున్నాను."

కాలేజీలో సైన్సు చదివినవాడివి, నువ్వైతే మందు పేరూ మోతాదూ అడిగేవాడివి. నాకు ఒక్కటే తోచింది.

"గడ్డ ఆగిన ఎలుకలు మళ్ళీ నడిచాయా అండీ?"

"అది రాయలేదమ్మా" అన్నారాయన.

నాకు ఏడుపు రాలేదు. పెడన బస్సెక్కి ఇంటికొచ్చి అమ్మ కళ్ళలో మందు వేశాను.

"డాక్టరుగారేమన్నారే?" అంది.

"నిన్ను అడిగానని చెప్పమన్నారు" అన్నాను.

అసలు సంగతి చెబితే, "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టలేకపోయాడా నా తండ్రి" అంటుంది. నువ్వు పట్టిన ఓపిక నేను చూశాను.

అక్క