ఉచ్చీరమ్మ కూతురు కాచిన సారా

వాల్పోయి దగ్గర, గోవా
మార్చి 9

ప్రియమైన మీకు,

నేను క్షేమం. పెద్దకడుబూరు కూలీలతో కలిసి జీడితోటకు చేరాను. కొండ మీద సిగ్నల్ అందదు కాబట్టి ఉత్తరాలే దిక్కు. సంతకు పోయే జీపతను పోస్టులో వేస్తాడు.

అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మగ్గం మీది చీర ఎంతవరకు వచ్చింది?

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మనం జీడిపప్పు ఒలిచే పని అనుకున్నాం గానీ ఇక్కడ అసలు పని పండుతోనే. రాలిన జీడిపండ్లు తొక్కి, రసం పులియబెట్టి, రాగి బానలో కాచి ఫెనీ అనే సారా దింపుతారు. మన దగ్గరలాగా చాటున చేసే పని కాదు, లైసెన్సు తీసుకుని ఇళ్లలోనే కాస్తారు. మా యజమానురాలు ఫిలోమినా బాయి ముసలామె, ఒంటరి మనిషి. ఆమెకూ కన్నడం వచ్చు కాబట్టి ఇద్దరికీ మాటలు కలిశాయి. ఒకప్పుడు ఆమె ఫెనీ కోసం పట్నం నుంచి కార్లలో వచ్చేవారట. కరోనా వచ్చి పోయాక ఆమె ముక్కు పని చేయడం మానేసింది. మల్లెపూవూ బురదా ఆమెకు ఒకటే. పోయినేడు కాచిన సరుకంతా బాగాలేదని వాపసు వచ్చింది. ఏం తేడా వచ్చిందో ఆమెకు తెలియదు, పాపం.

మొన్న ఆ సరుకునే అందరి చేతా వాసన, రుచి చూపించింది. "బాగుందమ్మా" అన్నారు అందరూ. నేను మాత్రం, "లోపల ఏదో చెడు వాసన ఉందమ్మా. నాలుక చివర కూడా తగులుతాంది" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఇన్నాళ్లకు ఒకరు నిజం చెప్పారు. ఈ సీజను నా ముక్కు నువ్వే" అంది.

బట్టీ దగ్గర ఉండమంటోంది. నాకు ఉండాలనే ఉంది. మీ మాట కోసం చూస్తుంటాను.

మీ
తిమ్మక్క

ఎమ్మిగనూరు
మార్చి 17

ప్రియమైన తిమ్మక్కా,

నీ ఉత్తరం చదివి కాసేపు మగ్గం ఆపేశాను. నువ్వు జీడిపప్పు ఒలిచే పనికి పోయావని వీధిలో అమ్మ అందరికీ చెప్పింది. నేనూ అదే చెప్పాను. ఇప్పుడు ఏం చెప్పాలో తెలియడం లేదు.

మీ అమ్మ హాలహర్వి పక్కన సారా కాచేదన్న ఒక్క కారణానికి మన పెళ్లప్పుడు పెద్దలు ఎంత రాద్ధాంతం చేశారో నీకు తెలుసు. ఆమె ఈ గడప తొక్కకూడదన్న షరతు మీదే ఒప్పుకున్నారు. అలాంటిది, నువ్వే బట్టీ దగ్గర నిలబడ్డావని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు.

అయినా నీ ముక్కు సంగతి నాకంటే ఎవరికి తెలుసు? నూలుకు పెట్టిన గంజి పులిసిందని గడప దాటకముందే చెప్పేస్తావు. ఆ ముసలామెకు నువ్వు దొరకడం అదృష్టమే. ఇష్టమైతే చెయ్యి. ఒంటికి వేడి తగలకుండా చూసుకో. బిరుసుగా ఉన్నా రోజూ అన్నం తిను, ఆ ఊరి బియ్యం అలాగే ఉంటాయట.

నీ
ప్రకాష్

కొండ మీద
ఏప్రిల్ 2

ప్రియమైన మీకు,

మీరు చెయ్యమన్నాక నాకు ఏనుగంత బలం వచ్చింది.

కోసిన పండ్లు వద్దన్నాను, వాటంతట అవి రాలినవే ఏరించాను. మచ్చ పడినవి తీసేయించాను. రాగి బానను చింతపండుతో, బూడిదతో అద్దంలా తోమాం. మొదట దిగే ఘాటు సారాను పారబోయించాను. బాయి మేనల్లుడు లుయీస్ మంట ఎగదోస్తుంటే వద్దని కట్టెలు బయటికి లాగాను. "నీకు ఇదంతా యాడ తెలుసు?" అని మనవాళ్లు అడిగారు. చిన్నప్పుడు చూశానని మాత్రమే అన్నాను. ఎవరి దగ్గర చూశానో చెప్పలేదు.

రుచి మెరుగైంది. మంట తగ్గింది, తీపి తెలిసింది. నేను పొంగిపోయాను. పట్నం నుంచి కొనేవాడు వచ్చాడు. సరుకు దాచే కొట్టులోంచి తెచ్చి గ్లాసులో పోసి ఇచ్చాం. నోట్లో పోసుకుని పక్కకు ఉమ్మేశాడు. "అదే వాసన" అన్నాడు. బాయి నా మొహం వంక చూసింది. నేను తల వంచుకున్నాను. అతను చెప్పింది నిజం. ఆ వాసన పోలేదు. పండులో లేదు, మంటలో లేదు, యాడ ఉందో అంతుపట్టడం లేదు.

బాయి ఆశ వదిలేసింది. రాగి కొనే వ్యాపారికి కబురు పంపింది. ఈ నెలాఖరుకు వచ్చి బానను తూకానికి తీసుకుపోతాడు. అది ఆమె అత్తగారి నాటి బాన. దాని మీద చెయ్యి వేసి కూర్చుంటే చూడలేకపోయాను.

మా అమ్మయితే చెప్పగలదు. కానీ ఆమెకు ఫోను లేదు, చదువు రాదు. మిమ్మల్ని పొమ్మని అడగలేను. పెళ్లినాటి మాట మాటే కదా. మనసులో ఉన్నది రాశాను, అంతే.

మీ
తిమ్మక్క

కొండ మీద
ఏప్రిల్ 16

ప్రియమైన మీకు,

జీపు రెండు సంతలకు పోయి వచ్చింది. మీ ఉత్తరం లేదు. అమ్మ ప్రస్తావన తెచ్చినందుకు కోపం వచ్చిందా? కోపం వస్తే కోపమనే రాయండి. ఏమీ రాయకపోతే చెట్ల కింద పండ్లు ఏరుతున్నా మనసు ఇక్కడ ఉండడం లేదు.

బాన పోతే ఇక్కడ పని కూడా అయిపోతుంది. వచ్చేస్తాను. చేతకాలేదని తలవంచుకుని రావడమే కష్టంగా ఉంది.

మీ
తిమ్మక్క

ఎమ్మిగనూరు
ఏప్రిల్ 18

ప్రియమైన తిమ్మక్కా,

జవాబు ఆలస్యమైందని కోపమనుకోకు. ఇంట్లో లేను.

నీ ఉత్తరం అందిన మరునాడే ఆదోని మీదుగా హాలహర్వి పోయాను. మీ అమ్మ ఊళ్లో లేదు. మిరపకాయలు కోసే పనికి సరిహద్దు దాటి కన్నడ ఊళ్లకు పోయిందన్నారు. ఊరూరా వెతికి కల్లంలో పట్టుకున్నాను. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"యాడికొచ్చినావప్పా? పిల్లకేమన్నా అయిందా?"

"పిల్లకేం కాలేదత్తా. నీతోనే పనిబడి వచ్చినాను" అని నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. సారా మాట వచ్చేసరికి ఆమె మొహం మారిపోయింది.

"నేను కాసింది తాగి ఒక్కనికీ కండ్లు పోలేదు. పోలీసోళ్లకు భయపడి మానలేదప్పా, దాని పెండ్లి కోసరం మానినాను" అంది. తర్వాత కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. పండు ఎట్లాంటిది, బాన ఏ లోహం, మంట ఎంత. నీ ఉత్తరంలో ఉన్నంతవరకు చెప్పాను.

"అన్నీ సరింగనే సేసినాది" అని నవ్వింది. తిమ్మక్కా, అంత సంతోషం నేనెప్పుడూ ఆమె మొహంలో చూడలేదు. "ఒకటి మరిసినాది. సారా దేంట్లో పోస్తే దాని వాసన పీలుస్తాది. పోసిపెట్టే సామాను సూడమను. కొట్టులో సూస్తే తెలీదు, ఆడ గాలంతా అదే వాసన ఉంటాది. ఒక్కొక్కటే ఎండలోకి తెచ్చి, మూత తీసి, ముక్కు పెట్టమను."

అదీ సంగతి. ఇంకొకటి కూడా జరిగింది. ఆమెను అక్కడే వదిలి రాబుద్ధి కాలేదు. నాతో తీసుకొచ్చాను. వీధిలో అందరూ చూస్తుండగా మన గడప తొక్కించాను. నువ్వు బట్టీ దగ్గర పని చేస్తున్న సంగతీ అమ్మకు చెప్పేశాను. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. ఇక గొడవేనని అనుకున్నాను. కాసేపటికి రెండు పళ్లేలు తెచ్చి పెట్టింది. "ఉచ్చీరమ్మా, జొన్నరొట్టె తింటావా, అన్నం పెట్టనా?" అంది. ఆ రోజు నుంచి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నూలు చుడుతున్నారు.

బాన పోకముందే అందాలని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

నీ
ప్రకాష్

కొండ మీద
మే 4

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో చెప్పను. ఆ వెంటనే కొట్టులోకి పరుగెత్తాను.

లోపల నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు ఉన్నాయి. పాత గాజు జాడీలు బరువని లుయీస్ రెండేళ్ల కింద అవి కొనుక్కొచ్చాడు. ఖాళీది ఒకదాన్ని ఎండలోకి దొర్లించి మూత తీసి ముక్కు పెట్టాను. అదే వాసన. అమ్మ అక్కడ కూర్చుని ఇక్కడి డ్రమ్ము వాసన పట్టింది.

అటక మీది జాడీలు దింపి, కడిగి, ఆరబెట్టాం. కొత్తగా కాచిన ఫెనీ వాటిలోకి పట్టాం. అది కాస్త కుదురుకునే లోపే రాగి వ్యాపారి తక్కెడతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కొనేవాడికి ముందే కబురు పంపాను కాబట్టి అతనూ అదే రోజు వచ్చాడు. కొనేవాడు గ్లాసు అందుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు. కళ్లు మూసుకుని మింగాడు. ఇంకొంచెం పొయ్యమని గ్లాసు చాపాడు. బాయి అతని మొహాన్నే చూస్తూ నిలబడింది. వాసన తెలియకపోయినా మనిషి మొహం చదవగలదు కదా. రాగి వ్యాపారి వైపు తిరిగి, "నువ్వు పో నాయనా" అంది.

కొనేవాడు, "ఇది పాత రోజుల సరుకమ్మా. ఎవరి చేయి?" అన్నాడు. బాయి నన్ను ముందుకు నెట్టింది. మన ఊళ్ల కూలీలంతా చుట్టూ ఉన్నారు. ఇన్నేళ్లుగా ఎక్కడా నోరు తెరిచి చెప్పని మాట గొంతు దాకా వచ్చింది. "నాది కాదన్నా. మా అమ్మ హాలహర్వి ఉచ్చీరమ్మ నేర్పిన పని. సారా కాయడంలో ఆమెను మించినోళ్లు మా పక్క లేరు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. పెద్దకడుబూరు తిమ్మన్న తాత, "అవును, నేనెరుగుదును ఆమెను" అని తల ఊపాడు.

బాయి వచ్చే సీజనుకు నన్ను బట్టీకి మేస్త్రీగా రమ్మంది. మనిద్దరం కలిసి ఆలోచిద్దాం.

పండ్లు అయిపోయాయి. వారంలో బయలుదేరుతున్నాను. ఈలోగా ఒక పని చేసిపెట్టండి. అమ్మను, అత్తమ్మను వీధి అరుగు మీద కూర్చోబెట్టి, పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ వినబడేటట్టు ఈ ఉత్తరాన్ని గట్టిగా చదవండి.

మీ
తిమ్మక్క