పట్టీ విప్పి చేన్లోకి దిగిన నాయనకు

నాయనా,
తాడిపత్రి బస్సుకు పోతాండా. నీ కాలి పుండుకు కట్టే రాగి కలిపిన మందు పట్టీ, కొత్తది, అల్మారాలో ఉండాది. ఆస్పత్రి నర్సమ్మ పదింటికి వచ్చి కడతాది, నువ్వు ముట్టుకోవద్దు. అంతవరకు మంచం దిగొద్దు.

ఆర్నెల్లుగా మానని పుండు ఈ పట్టీతో ఇప్పుడిప్పుడే పూడుకొస్తాంటే, విత్తనం పడే చేన్లో కాళ్లకు ఏమీ ఉండకూడదని చెప్పులతో పాటు దాన్నీ విప్పి గట్టు మీద పెడతావా? షుగరుతో ఆ కాలు మొద్దుబారి మూడేళ్లయింది. నిన్న అరికాల్లో దిగిన తుమ్మముల్లు నేను పీకేదాకా నీకు తెలీనేలేదు. నేలతల్లికి మర్యాద ఇచ్చినావు సరే, రోజూ పుండు కడిగే కూతురికి ఏమిచ్చినావు?

హేమలత

మిగిలిన చేన్లో సాయంత్రం తిరిగొచ్చి విత్తనం గొర్రు వెంట నేనే నడుస్తా, చెప్పుల్లేకుండానే. ముల్లు గుచ్చుకుంటే నా కాలికి తెలుస్తాది.